పైథాన్ 3.8ని వదిలించుకోబోతే మామ ఫోన్ చేశాడు

కడపలో మా చిన్నమామకు డీటీపీ షాపు ఉంది. వైవీ స్ట్రీట్‌కి ఆనుకున్న ఒక సందులో, జిరాక్స్ మిషన్‌కీ లామినేషన్ మిషన్‌కీ మధ్య ఇరుక్కుని రెండు కంప్యూటర్లు ఉంటాయి. ఒకటి విండోస్ 10, ఫ్లెక్సీల పనికి. రెండోది విండోస్ 7. దాని వెనక బొటనవేలంత డాంగిల్ ఒకటి ఎప్పుడూ గుచ్చి ఉంటుంది. అది పీకితే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. పెండ్లి పత్రికలు, దినం కార్డులు, గృహప్రవేశాలు, ఎలక్షన్ కరపత్రాలు, ఇన్నేళ్ళుగా మామ కొట్టినవన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళుగా అందులోనే ఉన్నాయి.

2015లో ఇంజినీరింగ్ చదువుతూ నేను మొదలుపెట్టిన పైథాన్ లైబ్రరీ (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో వాడుకోగలిగే కోడ్) పుట్టింది ఆ షాపులోనే. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినది కంప్యూటర్ లెక్కన అసలు తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన చోట్ల తెలుగు ముక్కల్ని బొమ్మలుగా కూర్చోబెట్టి ఉంటారు. తలకట్టు ఒక బొమ్మ, గుడి ఒక బొమ్మ, ఒత్తు ఇంకో బొమ్మ. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. దాన్ని ఫోన్‌లో చదవగలిగే యూనికోడ్‌గా మార్చడమే మా లైబ్రరీ పని. కోడ్ అందరికీ తెరిచి పెట్టాను. మెల్లమెల్లగా ఎవరెవరో వచ్చి చేరారు. ఇప్పుడు నాతో పాటు ప్రాజెక్ట్‌ని చూసుకునే ఇంకో మెయింటెయినర్ హైదరాబాద్‌లో ఉంది. ఆమెను నేను ఇంతవరకూ నేరుగా చూడలేదు. మా పరిచయమంతా ఇష్యూల్లో (ఫిర్యాదులు, ప్రశ్నలు రాసే చోటు), పుల్ రిక్వెస్టుల్లోనే (కోడ్‌కి మార్పులు పంపే చోటు). మామలాంటి వాళ్ళ కోసం డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే చిన్న ఈఎక్స్ఈ కూడా ప్రతి రిలీజ్‌తో ఇస్తాం.

ఇక అసలు సంగతి. 2025 సంక్రాంతికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. కనుమ మరునాడు పొద్దున ఉగ్గాణి తింటూ ఫోన్ చూస్తే, ఎవరో పంపిన ఒక అక్షర దోషం సవరణ పక్కన ఎర్ర గుర్తు కనిపించింది. రీడ్‌మీలో, అంటే ప్రాజెక్ట్ పరిచయ పేజీలో, ఒక్క అక్షరం మారిస్తే టెస్టులు ఎందుకు ఫెయిలవుతాయి? లాగ్ తెరిచాను. టెస్టుల తప్పు కాదు. పైథాన్ 3.7 దొరకలేదు అని ఉంది. కోడ్ మారిన ప్రతిసారీ మా టెస్టులు గిట్‌హబ్ యాక్షన్స్ అనే సర్వీసులో వాటంతటవే నడుస్తాయి. ఏ ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) కావాలో చెప్పాల్సిన చోట నేను 'లేటెస్ట్' అని రాసి వదిలేశాను. ఆ వారాల్లోనే 'లేటెస్ట్' అంటే 22.04 కాస్తా 24.04 అయింది. అందులో 3.7 ఇవ్వరు. వెర్షన్ నంబరు సరిగ్గా రాసుకోకపోవడం నా బద్ధకం, అంతే.

సరిచేయడం ఒక్క లైను పని. 22.04 అని రాస్తే ఎర్రది పచ్చ అయిపోతుంది. రాయబోయి ఆగాను. పైథాన్ వాళ్ళే 3.7ని 2023 జూన్‌లో వదిలేశారు, అంటే దానికి ఇక సవరణలు ఇవ్వరు. 3.8ని 2024 అక్టోబరులో వదిలేశారు. మేం మాత్రం 3.7 నుంచి 3.13 దాకా ఏడు వెర్షన్లు, ఒక్కోటి లైనక్స్, విండోస్, మ్యాక్ మీద, అంటే అక్షర దోషం దిద్దినా ఇరవై ఒక్క టెస్టులు నడుపుతున్నాం. ఇద్దరం, అదీ ఉద్యోగాలు అయ్యాక రాత్రుళ్ళు చూసుకునే ప్రాజెక్ట్‌కి ఇదంతా ఎందుకు? వదిలేద్దాం అనుకున్నాను.

అనుకోగానే కాస్త గుబులు కూడా పట్టుకుంది, ఎందుకంటే ఇంతకుముందు ఒకసారి వదిలించుకోబోయి చేతులు కాల్చుకున్నాను.

అది 2020 ఆగస్టు. పైథాన్ 2కి సపోర్ట్ తీసేశాం. 2.7 వచ్చింది 2010లో. 2015లోనే ఆపేద్దామనుకుని, జనం మారకపోయేసరికి 2020 జనవరి 1 దాకా పొడిగించారు. తెలుగుతో పనిచేసేవాళ్ళకు పైథాన్ 2 అంటే ఒక ప్రత్యేకమైన నరకం. అందులో మామూలుగా కోట్స్ మధ్య 'కడప' అని రాసి పొడవు అడిగితే 9 అంటుంది. మూడక్షరాల ఊరు తొమ్మిదెలా అయిందంటే, యూనికోడ్‌ని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. పైథాన్ 2 బైట్లు లెక్కపెట్టి చేతులు దులుపుకునేది. మొదటి నాలుగు తీసుకో అంటే 'క' ఒకటీ, 'డ'లో మూడోవంతు తెగి ఒకటీ చేతిలో పెట్టేది. యాస్కీ కోడెక్ ఫలానా బైటును డీకోడ్ చేయలేదు అనే ఎర్రర్ వచ్చిందంటే ఆ బైటు ఎప్పుడూ ఈ0నే, ఎందుకంటే తెలుగు అక్షరాలన్నీ దానితోనే మొదలవుతాయి. ఆ రోజుల్లో అర్ధరాత్రి స్క్రీన్ మీద ఈ0 కనిపిస్తే బల్లి మీద పడ్డట్టు ఉండేది.

అందుకని పైథాన్ 2ని వదిలేసిన రోజు నేను చేసుకున్న పండగ అంతా ఇంతా కాదు. 2.0 అని నంబరు పెట్టి, పైథాన్ 2కి అర్థం కాని ఎఫ్-స్ట్రింగ్‌లు నింపేసి, రిలీజ్ చేసి పడుకున్నాను. తెల్లారేసరికి మూడు ఇష్యూలు. వేరే రాష్ట్రంలో ఒక ల్యాబ్‌లో రోజూ రాత్రి నడిచే స్క్రిప్ట్ మా కొత్త వెర్షన్‌ని దించుకుని సింటాక్స్ ఎర్రర్ కొట్టి పడిపోయింది. వాళ్ళది ఇంకా 2.7. నేను లైబ్రరీకి 'పైథాన్ 3.6 లేదా ఆపైన మాత్రమే' అని షరతు రాశాను కదా, మరి 2.7కి ఎలా వెళ్ళింది? ఆ షరతును సెటప్ ఫైల్‌లో ఒక సెక్షన్ కింద రాయాల్సింది ఇంకో సెక్షన్ కింద రాశాను. తప్పు చోట రాశావని ఎవరూ చెప్పలేదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, మౌనంగా పక్కన పడేసింది. దానికి తోడు 'ఈ ప్యాకేజీ 2కీ 3కీ రెండిటికీ పనికొస్తుంది' అనే పాత యూనివర్సల్ గుర్తు కూడా తీయడం మర్చిపోయాను.

కంగారుగా షరతు సరిచేసి 2.0.1 వదిలాను. హమ్మయ్య అనుకున్నాను. ఇష్యూలు ఆగలేదు. అప్పుడు గానీ ఆ మెలిక నా బుర్రకు ఎక్కలేదు. పాత పైథాన్ మీద ఉన్న పిప్ (ప్యాకేజీల్ని దించి వేసే టూల్), 2.0.1 షరతు చూసి 'ఇది నాకు కాదు' అని పక్కన పెడుతుంది. తర్వాత ఒక మెట్టు దిగి చూస్తుంది. అక్కడ షరతు లేని 2.0 నోరు తెరుచుకుని ఉంటుంది. సరాసరి అందులో పడుతుంది. అంటే ముందు ఎన్ని మంచి వెర్షన్లు పెట్టినా, ఆ ఒక్క గుంత పూడ్చకపోతే పాతవాళ్ళందరూ అందులోనే పడతారు. పైథాన్ ప్యాకేజీలన్నీ ఉండే పైపీఐ అనే చోట ఆ వెర్షన్‌ని యాంక్ చేశాను, అంటే ఆ నంబరే రాసి అడిగినవాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వొద్దని చెప్పడం. కానీ యాంక్ అనేది పిప్‌కి 19.2 నుంచే అర్థమవుతుంది. అంతకన్నా పాత పిప్ ఉన్నవాళ్ళకు 'రెండు కంటే తక్కువ వెర్షన్ అని రాసుకోండి మహాప్రభో' అని ఒక్కొక్కరికీ జవాబు రాసుకుంటూ ఒక ఆదివారం గడిపాను.

కాబట్టి ఈసారి తొందరపడదలుచుకోలేదు. ముందు ఎవరు ఏ పైథాన్ వాడుతున్నారో లెక్క చూశాను. పైపీఐ డౌన్‌లోడ్లు వెర్షన్‌వారీగా చూపించే చోటు ఉంది. 3.7 గీత చిన్నదే కానీ రోజూ మొండిగా కనిపిస్తోంది. ఎవరబ్బా ఇంత పట్టుదలగా వాడుతున్నది అని చూస్తే, వారపు రోజుల్లో పెరిగి శని, ఆదివారాల్లో పడిపోతోంది. అంటే చాలావరకు మనుషులు కాదు, ఆఫీసుల్లో నడిచే టెస్ట్ సర్వర్లు. కొంత మేమే కూడా: మా ఇంకో చిన్న ప్రాజెక్ట్ టెస్టులు రోజూ 3.7 మీద ఈ లైబ్రరీని దించుకుంటున్నాయి. అసలు మనుషులేమో అందులో కనిపించనే కనిపించరు. ఈఎక్స్ఈ డబుల్ క్లిక్ చేసే మామ ఆ గీతలో ఎక్కడా లేడు. ఈ మాట అప్పుడే తట్టి ఉంటే బాగుండేది, తట్టలేదు.

ఫిబ్రవరిలో ఇష్యూ తెరిచాను. '3.7, 3.8 తీసేద్దామనుకుంటున్నాం, ఇబ్బంది ఉన్నవాళ్ళు చెప్పండి' అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాశాను. వచ్చిన జవాబులు తక్కువే. ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు 20.04 ఉందని, దానితో వచ్చేది 3.8 అని ఒక విద్యార్థి రాశాడు. ఆ ఉబుంటుకే 2025 మేలో మామూలు సపోర్ట్ అయిపోతుందని చెప్తే, మా సార్‌కి చెప్పి చూస్తానన్నాడు.

ఇంకో జవాబు మాత్రం నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. తెలుగులో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి రాసింది. మా ఊరి బ్రౌన్ లైబ్రరీలో, అదే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో కూర్చుని పాత అచ్చు పుస్తకాల పద్యాలు టైపు చేసుకుంటోందట. ఆ పద్యాల్లో నకారపొల్లు ఉంటుంది. 'వచ్చెన్' అనే చోట చివరి నకారాన్ని విడిగా ఒక గుర్తుతో వేసేవాళ్ళు. ఇదీ: ౝ. మీకు డబ్బాలా కనిపిస్తే తప్పు నాది కాదు, మీ ఫాంట్‌ది. మా లైబ్రరీలోని పదాల లెక్క ఆ గుర్తు దగ్గర తేడా చేస్తోంది, అక్షరాన్ని అక్షరంగా చూడకుండా కామాలా, చుక్కలా విసిరేస్తోంది అని ఫిర్యాదు.

చూస్తే నిజమే. ఒక గుర్తు అక్షరమా కాదా అని తేల్చడానికి పైథాన్ తనతో వచ్చే యూనికోడ్ పట్టికను అడుగుతాం. నకారపొల్లు యూనికోడ్‌లో చేరింది 14.0లో, అంటే 2021లో. పైథాన్ 3.8లో ఉన్న పట్టిక 12.1. అందులో ఆ చోటు ఖాళీ. పేరు అడిగితే 'అలాంటి పేరు లేదు' అంటుంది. 3.9, 3.10లో 13.0 ఉంది, అక్కడా ఖాళీయే. 3.11లో గానీ 14.0 రాలేదు. ఎప్పటి అక్షరమో అది. దాన్ని గుర్తుపట్టడానికి 2022లో వచ్చిన పైథాన్ కావాలి.

నాకు పట్టుకొమ్మ దొరికినట్టయింది. 'చూశారా, నకారపొల్లు కోసమైనా కనీసం 3.11 పెట్టాలి, 3.7 నుంచి 3.10 దాకా నాలుగూ ఒకే దెబ్బకు తీసేద్దాం' అని రాశాను. సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్ట్‌లు చాలావరకు ఒక వెర్షన్ వచ్చిన మూడేళ్ళకు దాన్ని వదిలేసే పద్ధతి పెట్టుకున్నాయి, ఆ లెక్కన కూడా ఇప్పుడు 3.11 సరిపోతుంది అని ఉదాహరణ చూపించాను. హైదరాబాద్ ఆవిడ నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. ఆ ఒక్క గుర్తునీ మన కోడ్‌లో 'ఇదీ అక్షరమే' అని ఒక్క లైనులో రాసుకుంటే సరిపోతుంది కదా, దాని కోసం ఉబుంటు 22.04లో 3.10 వాడుతున్న వాళ్ళందరినీ రోడ్డు మీద పడేయడం దేనికి?

జవాబు లేదు నా దగ్గర. నిజం చెప్పాలంటే నకారపొల్లు నాకు ఒక సాకు. అసలు కారణం విసుగు. పాత వెర్షన్ల కోసం రాసిన చెత్త చూసి చూసి విసిగిపోయాను. విసుగు కూడా సరైన కారణమే అని ఇప్పటికీ అంటాను. జీతం లేని పనిలో విసుగును లెక్కలోకి తీసుకోకపోతే ప్రాజెక్ట్ మొత్తమే ఆగిపోతుంది. కానీ దాన్ని దాని పేరుతోనే పిలవాలి, పాత పద్యాల వెనక దాచకూడదు. చివరికి ఇద్దరం తేల్చుకున్నది చాలా సాదా పద్ధతి. పైథాన్ వాళ్ళు ఏ వెర్షన్‌ని వదిలేస్తే మేమూ దాన్నే వదిలేస్తాం, ముందూ కాదు, రెండేళ్ళు ఆలస్యంగానూ కాదు. ఇప్పటికి కనీసం 3.9. నకారపొల్లుకు విడిగా ఒక లైను. దాని పక్కన 'పైథాన్ 3.10 పోయిన రోజు ఈ లైను తీసేయాలి' అని కామెంట్.

ఆ తర్వాత శుభ్రం చేయడం. ఇందులో ఉన్న సుఖం చెప్పుకుంటే కొందరికే అర్థమవుతుంది. మార్చి మొదటి వారం రాత్రుళ్ళు ఫ్యాన్ కింద కూర్చుని తీసేస్తూ పోయాను. 'కొత్త పైథాన్ అయితే ఇది, కాకపోతే అది' అని రెండు తలలతో ఉన్న ఇంపోర్టులు పోయాయి. పాత వెర్షన్లకు మాత్రమే కావాల్సిన రెండు అరువు ప్యాకేజీలు పోయాయి. సగం పని పైఅప్‌గ్రేడ్ అనే టూలే చేసిపెట్టింది. అన్నిటికన్నా సంతోషం, పేర్ల ముందున్న 'శ్రీ' తీసే ఫంక్షన్ పోవడం. పెండ్లి పత్రికల్లోంచి పేర్లు లాగేటప్పుడు ముందున్న 'శ్రీ' తీసేయాలి. ఎప్పుడో మొదట్లో నేను దానికి ఎల్‌స్ట్రిప్ వాడాను. అది చూడ్డానికి ముందున్న ముక్కను తీసేదిలాగే ఉంటుంది. కానీ అది ముక్కను చూడదు, అందులోని గుర్తులు ఎన్ని వరసగా కనిపిస్తే అన్నీ తినేస్తుంది. 'శ్రీ'లో ఉన్నవి శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. 'శ్రీరాములు' ఇస్తే 'శ్రీ'తో ఆగక 'ర'ని కూడా మింగి, తల లేని దీర్ఘంతో 'ాములు' అని ఇచ్చేది. 'శ్రీశైలం' ఇస్తే రెండో 'శ' కూడా పోయి 'ైలం' మిగిలేది. అది బయటపడ్డాక పది లైన్ల సొంత ఫంక్షన్ రాసుకున్నాం. పైథాన్ 3.9లో ఆ పనికి రిమూవ్‌ప్రిఫిక్స్ అని సరైన పద్ధతి వచ్చింది. పది లైన్లు తీసి ఒక్క మాట రాశాను. శ్రీశైలం 'శైలం' అయింది. మొత్తం మీద మూడొందల లైన్ల దాకా తేలిపోయాయి.

ఆ ఊపులో ఈఎక్స్ఈ తయారుచేసే చోట కూడా 3.8 అని ఉంటే 3.12 అని మార్చేశాను. అలా మార్చినట్టు పెద్దగా గుర్తు కూడా లేదు.

సరిగ్గా అదే వారం మామ ఒక తప్పు పట్టుకున్నాడు. కొన్ని పాత ఫైళ్ళలో 'లక్ష్మి' మారేటప్పుడు 'లక్మ్షి' అవుతోంది. షకు మ ఒత్తు రావాల్సింది మకు ష ఒత్తు వస్తోంది. పెండ్లి పత్రికల్లో లక్ష్మి లేని పత్రిక ఎక్కడుంటుంది? పెండ్లికూతురి పేరులో ఒకసారి, అవ్వ పేరులో ఒకసారి, కల్యాణమండపం పేరులో ఇంకోసారి. వెంటనే సరిచేసి, అప్పుడే తయారైన పరీక్ష ఈఎక్స్ఈ వాట్సాప్‌లో పంపాను. గంటలో ఫోన్.

"ఏరా అబ్బీ, నువ్వు పంపిచ్చింది ఓపెనే కాలా. ఏందో డీఎల్ఎల్ లేదంటాంది."

"ఏ డీఎల్ఎల్ మామా? పేరు చదువు."

"ఏపీఐ... ఎంఎస్... విన్... కోర్... పాత్... రైలు బండంత ఉండాది, నేను సదవలేను. నువ్వే రా."

'కోర్ పాత్' అనగానే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు. 3.8 దానికి చివరిది. 3.9తోనో ఆపై దానితోనో కట్టిన ఈఎక్స్ఈని విండోస్ 7లో తెరిస్తే వచ్చే ఎర్రర్ సరిగ్గా ఆ డీఎల్ఎల్ పేరే. ఈ సంగతి నాకు తెలుసు. ఇష్యూలో నేనే ఎవరికో రాశాను కూడా. మామ కంప్యూటర్ విండోస్ 7 అనీ తెలుసు. రెండూ కలిపి ఆలోచించలేదు.

ఇంకో సిగ్గుచేటు. అంతకుముందు రిలీజ్‌లోనే '3.8కి త్వరలో సపోర్ట్ ఉండదు' అని వార్నింగ్ పెట్టాను. బాధ్యతగా ప్రవర్తించానని కాస్త గర్వపడ్డాను కూడా. ఆ వార్నింగ్ కనిపించేది నల్ల కన్సోల్ విండోలో. ఈఎక్స్ఈలో కన్సోల్ విండో కనబడకుండా దాచింది నేనే, మామ 'ఆ నల్లది భయమేస్తాంది, తీసెయ్' అన్నాడని. ఎవరికి చెప్పాలో వాళ్ళకు తప్ప మిగతా అందరికీ చెప్పానన్నమాట.

సాయంత్రం షాపుకి వెళ్ళాను. మామ కుర్చీ నాకిచ్చి తాను స్టూలు మీద కూర్చున్నాడు. "మామా, ఆ విండోస్ 10 దాంట్లో అయితే కొత్తది నడుస్తుంది. ఫైలు ఇటు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అక్కడ మార్చుకోరాదా?" అన్నాను.

"ఆ కంప్యూటర్ మీద పొద్దస్తమానం పిల్లోడు ఫ్లెక్సీలు చేస్తాంటాడు. వాణ్ణి లేపి, పెన్‌డ్రైవ్ పెట్టి, మళ్ళా తెచ్చి... ఒక్కో పత్రికకు ఎన్నిసార్లు తిరగాల నేను?"

"పోనీ ఈ కంప్యూటర్‌కే విండోస్ 10 వేద్దామా?"

మామ వెనక్కి వంగి డాంగిల్‌ని చూపించాడు. "దీని డ్రైవర్ పడకపోతే నువ్వొచ్చి కూర్చుని రాస్తావా పత్రికలన్నీ?"

ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు ఇప్పుడు ఫోన్ ఎత్తరు. డ్రైవర్ పడుతుందో లేదో చూడాలంటే వేసే చూడాలి. పడకపోతే వెనక్కి రావడం గ్యారంటీ లేదు. మామ మొండితనం కాదిది, లెక్క. మా లైబ్రరీ ఉన్నదే పాత ఫాంట్లలో ఇరుక్కున్నవాళ్ళను బయటికి తేవడానికి. పాత ఫాంట్లు ఎక్కడుంటాయి? ఇలాంటి కంప్యూటర్లలోనే. కొత్త కంప్యూటర్ కొనుక్కున్నవాడికి మాతో పని తక్కువ.

అలాగని 3.8ని మళ్ళీ నెత్తికెత్తుకోవాలని అనిపించలేదు. తీసేసిన మూడొందల లైన్లను ఒక్క షాపు కోసం వెనక్కి తెచ్చేది లేదు. ఆ రాత్రి హైదరాబాద్ ఆవిడతో మాట్లాడాను, మొదటిసారి ఫోన్‌లో. ఆమె చెప్పిన దారి బాగుంది. 3.8తో నడిచే మా చివరి వెర్షన్ 4.6. దాన్ని ఒక శాఖగా విడిగా ఉంచుదాం. కొత్త ఫీచర్లు ఏవీ అందులోకి రావు. మార్పిడిలో అక్షరం తప్పుగా వచ్చే బగ్ అయితే మాత్రం, అదీ 2025 ఆఖరు దాకా, సరిచేసి ఇద్దాం. ఆ గడువు రీడ్‌మీలో పైనే రాద్దాం. లక్ష్మి సవరణ ఆరు లైన్లే, 4.6లోకి తేలిగ్గా అతికింది.

మిగిలింది ఈఎక్స్ఈ. ఇక్కడ ఇంకో చిన్న చిక్కుంది. 3.8కి 2024 దాకా సెక్యూరిటీ సవరణలు వచ్చిన మాట నిజమే కానీ, విండోస్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం 2021 మేలో 3.8.10తోనే ఆపేశారు. తర్వాతవన్నీ సోర్స్ కోడ్ మాత్రమే. కాబట్టి విండోస్ 7 వాళ్ళకు దొరికే చివరిది 3.8.10. దాన్ని మామ కంప్యూటర్‌లోనే వేసి, అక్కడే ఈఎక్స్ఈ కట్టి, అక్కడే పరీక్షిద్దామని ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఉన్నప్పుడు తాళం తీసుకుని వెళ్ళాను. ఇన్‌స్టాలర్ మొరాయించింది. కేబీ2533623 అనే విండోస్ అప్‌డేట్ ఉండాలట. ఈ కంప్యూటర్‌కి అప్‌డేట్లు ఆపేసి ఎన్నేళ్ళయిందో మామకే గుర్తులేదు. అది వెతికి, దించి, వేసి, రీస్టార్ట్ చేసేసరికి కరెంటు పోయింది. వచ్చింది. డాంగిల్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుందా అని ముందు అదే చూశాను. తెరుచుకుంది. అప్పుడు ఊపిరి తీసుకుని మిగతా పని చేశాను. సాయంత్రం మామ వచ్చి ఒక పాత పత్రిక తెరిచి మార్చి చూశాడు. లక్ష్మి లక్ష్మిలాగే వచ్చింది. 'ఇప్పుడు బాగుండాది' అని రెండు కారం దోశలు తెప్పించాడు.

ఏప్రిల్‌లో 5.0 రిలీజ్. నంబరు 4.7 చాలదా, 5.0 ఎందుకు అని కాసేపు వాదించుకున్నాం. పాత పైథాన్ తీసేయడం పెద్ద మార్పు కాదని కొందరంటారు, షరతు సరిగ్గా ఉంటే ఎవరికీ ఏమీ విరగదు కాబట్టి. నా మటుకు నాకు మనుషుల్ని వదిలే రిలీజ్‌కి పెద్ద నంబరే ఉండాలి, చూసేవాడు ఒక్క క్షణం ఆగేలా. 5.0 అయింది.

బటన్ నొక్కే ముందు మాత్రం 2020 గుర్తుంది. ప్యాకేజీ కట్టి, దాన్ని జిప్ ఫైలులా విప్పి, లోపలి మెటాడేటా ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 'రిక్వైర్స్-పైథాన్' అనే లైను ఉందా, దాని ఎదురుగా 3.9 ఉందా అని వేలు పెట్టి చూశాను. ఫైలు పేరులో 2కీ 3కీ పనికొస్తుందనే పాత గుర్తు లేదు కదా అని చూశాను. పైపీఐకి పరీక్షల కోసం ఉన్న విడి సర్వర్‌లో ముందు 4.6.2, తర్వాత 5.0 ఎక్కించి, ఖాళీ 3.8 ఒకటి వేసుకుని పిప్ ఇన్‌స్టాల్ కొట్టాను. అది 5.0ని దాటుకుని, ఒక మెట్టు దిగి, బుద్ధిగా 4.6.2 తెచ్చుకుంది. అదే పని 3.12లో చేస్తే 5.0 వచ్చింది. రెండు స్క్రీన్‌షాట్లు తీసి ఆవిడకు పంపాను. బొటనవేలు గుర్తు పెట్టింది. అప్పుడు నొక్కాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అలవాటు కొద్దీ. పొద్దున లేచి చూస్తే ఇష్యూలు సున్నా. మధ్యాహ్నం ఒకటి వచ్చింది. రీడ్‌మీలో ఒక లింకు పనిచేయడం లేదని.

పరిశోధన చేసే అమ్మాయి నకారపొల్లు ఇప్పుడు సరిగ్గా లెక్కకు వస్తోందని, కానీ తన ఫోన్‌లో డబ్బాలాగే కనిపిస్తోందని రాసింది. కాలేజీ ల్యాబ్ కుర్రాడి నుంచి మళ్ళీ కబురు లేదు. 4.6.2 దించుకుని హాయిగా ఉన్నాడని అనుకుంటున్నాను. మామ డెస్క్‌టాప్ మీద ఇప్పుడు రెండు ఐకాన్లున్నాయి. ఒకటి 'కొత్తది', అది తెరుచుకోదు, తీసేయమంటే తీయడు. రెండోది 'లక్ష్మి'.

2025 అక్టోబరులో 3.9 వంతు వచ్చింది. దానికి ఇష్యూ ఆగస్టులోనే తెరిచి పెట్టాం, గొడవేం లేదు. అదే నెల 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ ఆపేసింది. మామకు ఆ సంగతి ఇంకా చెప్పలేదు. పండగ ఫ్లెక్సీల సీజన్ నడుస్తోంది, అయ్యాక చూద్దామని.